కలిసి చేశాం అంటే ఎవరెవరు చేశారు? ఆర్ట్ ఫెయిర్ చర్చా వేదికల లోపలి లెక్కలు

ఢిల్లీ ఓఖ్లాలోని ఎన్‌ఎస్‌ఐసీ మైదానంలో ఇండియా ఆర్ట్ ఫెయిర్ మామూలుగా ఫిబ్రవరి మొదట్లో, నాలుగు రోజుల పాటు జరుగుతుంది. పెద్ద పెద్ద టెంట్లు, లోపల వరసగా గ్యాలరీల బూత్‌లు, తెల్లటి గోడల మీద అమ్మకానికి పెట్టిన పెయింటింగులు, మధ్యలో శిల్పాలు. ఇన్ని అమ్మకాల నడుమ ఏమీ అమ్మని చోటు ఒకటి ఉంటుంది: చర్చా వేదిక. అక్కడ ఒక ఆర్టిస్టు, ఒక క్యూరేటర్ (ప్రదర్శనలో ఏం ఉండాలో ఎంచి అమర్చే వ్యక్తి), ఒక డిజైనర్, పక్కన ఒక మ్యూజియం ప్రతినిధి కూర్చుంటారు. మోడరేటర్ ప్రశ్నలు అడుగుతారు. బాసెల్‌లోనైనా, దుబాయ్‌లోనైనా, ఢిల్లీలోనైనా ఈ వేదికల మీద మళ్లీ మళ్లీ వినిపించే మాట ఒకటుంది: సృజన ఒంటరి పని కాదు, నలుగురు కలిసి చేసే పని.

ఆ మాట నిజమే. కానీ గంటసేపు విని బయటికొచ్చాక ఏం తెలిసిందని అడిగితే చెప్పడం కష్టం. ఎందుకంటే వేదిక మీది నలుగురూ 'కలిసి చేశాం' అంటున్నప్పుడు నాలుగు వేర్వేరు ఏర్పాట్ల గురించి మాట్లాడుతుంటారు. సమాన భాగస్వాములుగా ఏళ్ల తరబడి పనిచేసే బృందం ఒకటి. ఒకరు ఊహించి, ఇంకొకరి చేత చేయించుకోవడం మరొకటి. నగరంలోని ఆర్టిస్టు, పల్లెలోని హస్తకళాకారుడు ఒక పని కోసం కలవడం ఇంకొకటి. కంపెనీ తన సరుకు మీద ఆర్టిస్టు చేత బొమ్మ వేయించుకోవడం పూర్తిగా వేరే సంగతి. వీటిని విడదీసి చూడటానికి నేను మూడు ప్రశ్నలు పట్టుకుంటాను. పేరు ఎవరికి పడింది? 'ఇలా వద్దు' అనగలిగే హక్కు ఎవరికి ఉంది? ఆ పని మళ్లీ మళ్లీ అమ్ముడుపోతే డబ్బు ఎవరికి చేరుతుంది?

అసలు సరుకు అమ్ముకునే చోట ఈ చర్చలెందుకు?

ఆర్ట్ ఫెయిర్ అనేది మొదట్నుంచీ వ్యాపారమే, అందులో దాపరికం లేదు. 1967లో జర్మనీలోని కొలోన్‌లో 18 గ్యాలరీలు కలిసి పెట్టిన సంతతో సమకాలీన కళకు ఈ పద్ధతి మొదలైంది. 1970లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ గ్యాలరీ యజమానులు ఆర్ట్ బాసెల్ పెట్టారు. మన దగ్గర 2008లో ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 34 గ్యాలరీలతో 'ఇండియా ఆర్ట్ సమిట్' పేరుతో మొదలైంది. 2012లో పేరు ఇండియా ఆర్ట్ ఫెయిర్‌గా, చోటు ఓఖ్లాకు మారాయి. 2025కి పాల్గొనేవారి సంఖ్య 120 అయింది. ఫెయిర్‌కు ప్రధాన ఖాతాదారు గ్యాలరీ. గ్యాలరీ బూత్‌కు అద్దె కడుతుంది, అమ్మిన దాంట్లో సాధారణంగా సగం తను ఉంచుకుని సగం ఆర్టిస్టుకు ఇస్తుంది.

మరి చర్చలతో ఎవరికి లాభం? కొత్త కళాఖండం ధర రంగు ఖర్చును బట్టో, పట్టిన రోజులను బట్టో రాదు. దాని గురించి ఎవరు మాట్లాడారు, ఎక్కడ చూపించారు, ఏ మ్యూజియం కొంది అన్నవాటి మీద ఆ ధర నిలబడుతుంది. కాబట్టి అమ్మకాలకు దూరంగా ఉన్నట్టు కనిపించే ఆ వేదిక కూడా ధర నిలబెట్టే పనిలో భాగమే. విద్యార్థులు వస్తారు, పత్రికలు రాస్తాయి, స్పాన్సర్ కంపెనీ పేరు వెనక తెర మీద ఉంటుంది. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. టికెట్ కొనుక్కుని వచ్చిన ఒక కాలేజీ పిల్ల, పుస్తకాల్లో మాత్రమే చూసిన ఆర్టిస్టును ఎదురుగా ప్రశ్న అడగగలగడం చిన్న విషయం కాదు. అయితే ఆ వేదిక మీద మాట్లాడేవారిని ఎంపిక చేయడంలో మార్కెట్ చెయ్యి కూడా ఉంటుందన్నది గుర్తుంచుకుని వినాలి.

పైగా మార్కెట్‌కు ఒక్క పేరు కావాలి. కొనేవాళ్లు బొమ్మతో పాటు ఒక మనిషి ప్రయాణాన్ని కూడా కొంటారు: ఆయన ముందు ఏం చేశారు, రేపు ఏం చేస్తారు, పోయాక విలువ పెరుగుతుందా లేదా. పదిమంది బృందమైతే ఈ లెక్క చిక్కుపడుతుంది. ఒకరు వెళ్లిపోతే పాత పని ఎవరిది? ఈ ఒత్తిడి ఎంత బలమైందో తెలియాలంటే క్రిస్టో, జాన్‌క్లాడ్ దంపతులను చూడాలి. పెద్ద పెద్ద భవనాలను, వంతెనలను గుడ్డతో చుట్టిన ఈ ఇద్దరూ 1960ల నుంచి కలిసే పనిచేశారు. కానీ లోకానికి మాత్రం చాలాకాలం క్రిస్టో అనే ఒక్క పేరే తెలుసు. కొత్తగా వచ్చిన ఆర్టిస్టుకు ఒక్క పేరు నిలబెట్టుకోవడమే కష్టమని, అందుకే అలా నిర్ణయించుకున్నామని వాళ్లే తర్వాత చెప్పారు. 1994లో గానీ ఆరుబయట చేసిన పాత పనులకు, పెద్ద ఇన్‌స్టలేషన్లకు వెనక్కి వెళ్లి ఇద్దరి పేర్లూ వేయలేదు. పేరు మార్చినా పని మారలేదు. అంతకాలం భార్య చేసిన పని మాత్రం భర్త ఖాతాలో ఉండిపోయింది.

అక్బర్ గుమస్తాలు రాసిపెట్టిన పేర్లు

పేర్లన్నీ రాయడం కుదిరే పని కాదనేవారికి నేను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అక్బర్‌నామా (అక్బర్ పాలన చరిత్ర గ్రంథం) చిత్రాలు చూపిస్తాను. అవి సుమారు 1590-95 మధ్య వేసినవి. వాటి కింది అంచున ఆనాటి గుమస్తాలు ఎర్ర సిరాతో పేర్లు రాశారు. బొమ్మ కూర్పు ఎవరిది, రంగులు ఎవరివి అన్నది విడివిడిగా ఉంటుంది. కొన్ని బొమ్మల్లో ముఖాలు వేసినవారి పేరు కూడా వేరుగా ఉంటుంది. హవాయి అనే మదపుటేనుగు మీద అక్బర్ పడవల వంతెన దాటే ప్రసిద్ధ చిత్రంలో కూర్పు బసావన్‌ది, రంగులు చేతర్‌వి. ఇది చక్రవర్తి గారి కార్ఖానా. అక్కడ స్వేచ్ఛ ఉందని, సమానత్వం ఉందని నేను అనడం లేదు. జీతాల లెక్క కోసమే రాసి ఉండొచ్చు. అయినా నాలుగు వందల ఏళ్ల తర్వాత మనం చేతర్ పేరు పలకగలుగుతున్నాం. నేటి ఫెయిర్‌లో చాలా బూత్‌ల లేబుళ్ల మీద ఆర్టిస్టు పేరు, సంవత్సరం, వాడిన సామగ్రి, కొలతలు ఉంటాయి. ఎంబ్రాయిడరీ అయితే 'గుడ్డ మీద దారం' అని ఉంటుంది. ఆ దారం పట్టిన చేతి పేరు ఉండదు.

ఆ చేతికి నిర్ణయంలో వాటా ఉందా అన్నది రెండో ప్రశ్న. ఇక్కడ ఇటలీ ఆర్టిస్టు అలిగియెరో బొయెట్టి కథ బాగా పనికొస్తుంది. 1971 నుంచి ఆయన ప్రపంచ పటాలను అఫ్గాన్ మహిళల చేత కుట్టించారు. ఏ దేశం హద్దులో ఆ దేశం జెండా రంగులు, చుట్టూ నీలి సముద్రం. గీసి పంపేది ఆయన, కుట్టేది వాళ్లు. 1970ల చివర్లో ఒక పటం సముద్రం గులాబీ రంగుతో తిరిగొచ్చింది. ఆ రంగు దారం వాళ్ల దగ్గర ఎక్కువగా ఉంది, దాన్నే వాడేశారు. బొయెట్టి దాన్ని తిప్పి పంపలేదు. ఆ తర్వాత నుంచి సముద్రం రంగు నిర్ణయాన్ని కుట్టేవాళ్లకే వదిలేశారు. ఆ గులాబీ సముద్రం దగ్గర చేయించుకోవడం కాస్తా కలిసి చేయడంగా మారింది. పూర్తిగా మారిందనలేం. ఈ పటాలు ఇప్పుడు వేలంలో లక్షల డాలర్లు పలుకుతున్నాయి. కుట్టిన మహిళల పేర్లు మాత్రం వేలం కేటలాగుల్లో సాధారణంగా కనిపించవు.

మన దగ్గర పరిస్థితి కొంత మెరుగుపడింది. ముంబైలోని చాణక్య స్కూల్ ఆఫ్ క్రాఫ్ట్ ఇందుకు ఉదాహరణ. 2020లో అమెరికా ఆర్టిస్టు జూడీ చికాగో పారిస్‌లో డియోర్ ఫ్యాషన్ షో కోసం రూపొందించిన పెద్ద బ్యానర్లను అక్కడి విద్యార్థినులు ఎంబ్రాయిడరీ చేశారు. స్కూలు పేరు ప్రపంచమంతా రాసింది. ఇది ముందడుగే. సంస్థ పేరు వచ్చింది కాబట్టి, మనుషుల పేర్లు ఇంకా రావాలని అడగడానికి ఇప్పుడు చోటు ఏర్పడింది.

తెలుగువాళ్లకు ఈ విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. సినిమాలో 24 క్రాఫ్ట్స్ అంటాం. లైట్‌మన్ దాకా, మేకప్ అసిస్టెంట్ దాకా తెర మీద పేర్లు వేయించుకునే అలవాటు ఉంది, యూనియన్లు ఉన్నాయి, ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అందరికీ తెలుసు. గ్యాలరీ కళకు అలాంటి కట్టుబాటు ఇంకా ఏర్పడలేదు.

శ్రీకాళహస్తి నుంచి చూస్తే

కలంకారీనే తీసుకుందాం. గుడ్డను కరక్కాయ, గేదెపాలతో తడిపి ఆరబెట్టాలి. ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన కసిమితో నల్ల గీత గీయాలి. పటిక పెట్టాలి, రంగులు నింపాలి, మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతకాలి. గీత గీసేది గురువు. రంగులు నింపేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు, శిష్యులు. ఉతికేవాళ్లు వేరే ఉండొచ్చు. 1950ల చివర్లో హస్తకళల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఈ పని ఇవాళ్టికి మిగిలేదో లేదో. ఇప్పుడు ఒక నగర ఆర్టిస్టు వచ్చి, తన డ్రాయింగ్ ఇచ్చి, దాన్ని కలంకారీ పద్ధతిలో వేయించుకుని ఫెయిర్‌లో పెట్టారనుకోండి. వేదిక మీద దాన్ని సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య సంభాషణ అంటారు. చట్టం ఏమంటుంది?

1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ఉమ్మడి రచన అంటే, ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన పనిలో ఎవరి భాగం ఎంతో విడదీయలేనంతగా కలిసిపోవాలి. డ్రాయింగ్ ఒకరిది, రంగు ఒకరిది అని వేరు చేయగలిగితే ఆ నిర్వచనంలో ఇమడటం కష్టం. ఇంకో చిక్కు 17వ సెక్షన్‌లో ఉంది. డబ్బు ఇచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. ఉద్యోగంలో భాగంగా చేస్తే యజమానిదే. ఒక చిన్న ఒప్పంద కాగితం రాసుకోకపోతే హక్కు ఎటు పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇదే చట్టంలో 53ఏ సెక్షన్ అని ఒకటుంది. అసలు ప్రతి పది వేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడుపోతే, ఆ ధరలో పది శాతం మించకుండా రచయితకు వాటా రావాలని అది చెబుతుంది. అయితే అది మొదటి హక్కుదారైన రచయితకే వర్తిస్తుంది. అంటే 17వ సెక్షన్ దగ్గర హక్కు జారిపోతే 53ఏ దగ్గర చెయ్యి చాచడానికి ఏమీ మిగలదు.

ఒకటి మాత్రం జారిపోదు. 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసినా 'ఇది నేను చేశాను' అని చెప్పుకునే హక్కు, తన పేరు చెడేలా పనిని పాడుచేస్తే అడ్డుకునే హక్కు చేసినవారికి ఉంటాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు చేసిన పెద్ద కంచు శిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలని, పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. పోరాడింది పేరున్న శిల్పి. కలంకారీ గుడ్డ మీద రంగు నింపిన మనిషి ఇంత దూరం వెళ్లగలరా?

జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది కదా అని కొందరంటారు. శ్రీకాళహస్తి కలంకారీకి ఉంది, తెలంగాణలోని చేర్యాల పటం బొమ్మలకు ఉంది. కానీ జీఐ కాపాడేది ఆ ఊరి పేరుతో ముడిపడ్డ పద్ధతిని. ఫలానా గుడ్డ మీద ఫలానా గీత గీసిన మనిషికి దానివల్ల విడిగా ఏ హక్కూ రాదు. వేదికల మీద ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

చేర్యాల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పాలి. కలిసి చేయడానికి అక్కడ చాలా పాత నమూనా ఉంది. నకాషీలనే చిత్రకారులు పటం వేస్తారు. దాన్ని వేయించుకునేది కథ చెప్పేవాళ్లు: కూనపులివాళ్లు, కాకిపడగలవాళ్లు, డక్కలివాళ్లు. వాళ్లు ఆ పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణమో, మాదిగలకు జాంబ పురాణమో చెబుతారు. చిత్రకారుడు, కథకుడు, వినే కులం, ముగ్గురికీ తమ వాటా ఏమిటో తెలుసు. ఏ ఘట్టం ఉండాలో కథకుడు చెబుతాడు, ఎలా ఉండాలో నకాషీకి తెలుసు, కథ చెప్పించుకున్న ఊరు ప్రతిఫలం ఇస్తుంది. కులపు కట్టుబాట్లు బిగించిన ఏర్పాటే ఇది, ఆదర్శమని నేను అనను. కానీ ఎవరు ఎవరికి ఏం ఇవ్వాలో ముందే తేలి ఉండేది. ఇవాళ చేర్యాల బొమ్మ ఫెయిర్ గోడకు చేరినప్పుడు ఆ ముగ్గురిలో ఒక్కరే మిగిలారు. కథ చెప్పే గొంతు లేకుండా పటం వేలాడుతోంది.

అందరిదీ అయితే, జవాబు ఎవరిది?

ఇక నిజంగా సమానంగా పనిచేసే బృందాలు. ఢిల్లీకి చెందిన రక్స్ మీడియా కలెక్టివ్‌లో ముగ్గురు: జీబేష్ బాగ్చీ, మోనికా నరూలా, శుద్ధబ్రత సేన్‌గుప్తా. 1992 నుంచి ఒకే పేరుతో పనిచేస్తున్నారు. ప్రపంచంలో ఈ ధోరణి గట్టిగా వినిపించింది గత కొన్నేళ్లలోనే. 2019లో బ్రిటన్‌లో సమకాలీన కళకు ఇచ్చే టర్నర్ బహుమతికి పోటీ పడిన నలుగురూ తమను ఒక్క బృందంగా చూసి బహుమతి పంచమని అడిగారు, జ్యూరీ ఒప్పుకుంది. 2021లో తుది జాబితా మొత్తం బృందాలే, బెల్‌ఫాస్ట్‌కు చెందిన అర్రే కలెక్టివ్ గెలిచింది. ఆ జాబితాలోనే ఉన్న బ్లాక్ అబ్సిడియన్ సౌండ్ సిస్టమ్ మాత్రం ఇంత హడావిడిగా ఇంత పని చేయించుకోవడం దోపిడీ అని బహిరంగంగా విమర్శించింది. పదిమంది బృందాన్ని పిలిచి ఒక మనిషికి ఇచ్చేంత గడువు, ఒక మనిషికి సరిపోయే ఏర్పాట్లు ఇస్తే జరిగేది ఇదే.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష 2022లో జర్మనీలోని కాసెల్‌లో జరిగింది. ఐదేళ్లకోసారి వంద రోజులు సాగే డాక్యుమెంటా ప్రదర్శనకు ఆ ఏడాది సారథ్యం జకార్తా బృందం రువాంగ్‌రూపాది. వాళ్ల పద్ధతికి పేరు లుంబుంగ్, అంటే ఊరి ఉమ్మడి ధాన్యపు గాదె. ఒక బృందాన్ని పిలిస్తే ఆ బృందం ఇంకొకరిని పిలుస్తుంది, నిధులను అందరూ కూర్చుని పంచుకుంటారు. నిర్ణయాధికారాన్ని అంత విరివిగా పంచిన ప్రదర్శన నాకు తెలిసి మరొకటి లేదు. ప్రారంభమైన కొద్ది రోజులకే తారింగ్ పాడి అనే ఇండోనేసియా బృందం 2002లో చేసిన పెద్ద బ్యానర్‌లో యూదు ద్వేషాన్ని చూపే బొమ్మలున్నాయని బయటపడింది. ముందు నల్లగుడ్డ కప్పారు, తర్వాత దించేశారు. బృందాలు క్షమాపణ చెప్పాయి. జూలైలో డాక్యుమెంటా డైరెక్టర్ జనరల్ సబీనా షోర్మన్ పదవి వదిలారు. ముందుగా ఆ బ్యానర్‌ను ఎవరు పరిశీలించి ఉండాల్సింది? క్యూరేటర్లు ఎంపికను ఇతరులకు పంచారు, సంస్థ క్యూరేటర్లకు స్వేచ్ఛ ఇచ్చింది. మాట అందరిదీ అయినచోట జవాబుదారీ ఎవరో కూడా ముందే తేల్చుకోవాలని ఆ ఘటన తర్వాత చాలామంది గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. నా మూడు ప్రశ్నలకు నాలుగోది ఇలా చేరింది.

కంపెనీల సంగతి త్వరగా చెప్పేయొచ్చు. అక్కడ ఒప్పందం స్పష్టంగా ఉంటుంది, డబ్బు స్పష్టంగా ఉంటుంది, చివరి మాట కంపెనీది. ఆర్టిస్టుకు మంచి పారితోషికం వస్తే సంతోషమే. దాన్ని సమాన భాగస్వామ్యంగా వేదిక మీద వర్ణించకుండా ఉంటే చాలు. ఏఐ గురించి కూడా ఇప్పుడు ప్రతి చర్చలో ఒక మాట వస్తోంది, యంత్రంతో కలిసి సృష్టించామని. ఆ యంత్రం లక్షలమంది గీసిన బొమ్మల నుంచి నేర్చుకుంది. వాళ్లను అడిగారా అన్నది తేలేదాకా ఆ మాట నాకు మింగుడుపడదు.

చివరగా ఆ చర్చ జరిగే పద్ధతి. గంట సమయంలో పరిచయాలకు ఐదు నిమిషాలు, ప్రశ్నలకు పది తీసేస్తే నలుగురికి తలా పదకొండు నిమిషాలు వస్తాయి. మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషులో. శ్రీకాళహస్తి నుంచో చేర్యాల నుంచో వచ్చిన కళాకారుడు తెలుగులో మాట్లాడి, దాన్ని ఒకరు అనువదిస్తే ఆ పదకొండు నిమిషాలు ఐదున్నర అవుతాయి. అనువాదం కావాల్సిన వారికి రెట్టింపు సమయం ఇవ్వడం నిర్వాహకులకు పెద్ద పని కాదు. ఆ కళాకారుడికి ఆ రోజు కూలి, రైలు ఖర్చు, బస ఇవ్వడం కూడా. వేదిక మీద మిగతావారికి అది వారి ఉద్యోగంలో భాగం, ఆయనకు మాత్రం నాలుగు రోజుల పని ఆగిపోవడం.

ప్రశ్నోత్తరాల్లో మైకు చేతికొస్తే 'మీ స్ఫూర్తి ఏమిటి' అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దాని బదులు, ఈ పనిలో ఎంతమంది చేతులున్నాయి, వాళ్ల పేర్లు లేబుల్ మీద వేశారా, ఒప్పంద కాగితం వాళ్లకు వచ్చిన భాషలో రాశారా, రెండోసారి అమ్మితే వాళ్లకు ఏమైనా వస్తుందా అని అడగొచ్చు. చాలామంది ఆర్టిస్టులు దీనికి నిజాయితీగానే జవాబిస్తారు, కొందరు అప్పటికప్పుడు పేర్లు చెబుతారు. మోడరేటర్లు ఆ ప్రశ్నను చివరి పది నిమిషాలకు వదలకుండా మొదటి ఐదు నిమిషాల్లోనే అడిగితే మిగతా గంటంతా వేరేగా సాగుతుంది.